ఊ కొట్టిన చెయ్యి

జాన్ ఆర్. నీల్ గారూ,

మీరు పోయి ఎనభై ఏళ్ళు దాటింది. అయినా మీతో మాట్లాడాలనిపించి రాస్తున్నాను. ముందుగా మీ చేతికి దణ్ణం.

మా కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం అనే ఊరుంది. అక్కడి గుళ్ళో ఆంధ్రమహావిష్ణువు ఎదురుగా నిలబడి కాసుల పురుషోత్తమకవి ఒక శతకం చెప్పాడు. వినేవాళ్ళకి దేవుణ్ణి తూలనాడుతున్నట్టే ఉంటుంది, లోపల ఉన్నదంతా భక్తే. ప్రేమించినవాడికి దెప్పే హక్కుంటుందని ఆయన ధీమా. నాది దాన్ని తిరగేసిన పని. మిమ్మల్ని పొగుడుకుంటూనే వెళతాను. ఒక్క పొగడ్తా అబద్ధం కాదు, ఒక్కదాన్నీ పెదవి చివర నుంచి అనడం లేదు. కానీ ఆ పొగడ్తలన్నీ పక్కపక్కన పేర్చేసరికి అది మీమీద ఫిర్యాదే అవుతుంది. మీరు రాసిన మూడు పుస్తకాల దగ్గర నాకు మరో దారి దొరకలేదు.

ఈ ఉత్తరం చదివే తెలుగువాళ్ళలో మిమ్మల్ని ఎరిగినవాళ్ళు కొద్దిమందే. ఓజ్ మాంత్రికుడి కథ చాలామందికి తెలుసు, కనీసం 1939 సినిమా పుణ్యమా అని. సుడిగాలికి కాన్సస్ నుంచి ఎగిరిపోయిన డొరొతీ అనే పాప, దిష్టిబొమ్మ, రేకు మనిషి, పిరికి సింహం. ఆ కథ రాసింది ఎల్. ఫ్రాంక్ బామ్. 1900లో షికాగోలో అచ్చయింది. బొమ్మలు వేసింది మాత్రం మీరు కాదు, విలియం వాలెస్ డెన్‌స్లో. 1904లో రెండో పుస్తకం వచ్చేనాటికి ఆ ఇద్దరికీ చెడింది. మీకు అప్పటికి 26 ఏళ్ళు. అప్పుడు పట్టుకున్న కలం మీరు బతికున్నంత కాలం దించలేదు. బామ్ రాసిన 14 ఓజ్ పుస్తకాల్లో 13 మీ బొమ్మలతోనే వచ్చాయి. 1919లో బామ్ పోయాక రూత్ ప్లమ్లీ థాంప్సన్ రాసిన 19 పుస్తకాలకూ మీరే వేశారు. ఆ తర్వాత 1940, 41, 42ల్లో వరసగా ఏడాదికొకటి మీరే రాసి, మీరే బొమ్మలు వేసుకున్నారు. నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ చివరి మూడింటి గురించి. కానీ మొదటి 32 గురించి చెప్పకుండా ఆ మూడింటి దగ్గరికి వెళ్ళడం అన్యాయం.

1907లో వచ్చిన 'ఓజ్మా ఆఫ్ ఓజ్' ఒకసారి తెరుస్తాను. అందులో టిక్‌టాక్ అని ఒక రాగి మనిషి ఉన్నాడు. బామ్ రాసింది ఇంతే: డొరొతీ అంత ఎత్తు, బంతిలా గుండ్రటి ఒళ్ళు, మెరుగుపెట్టిన రాగి, కీళ్ళ దగ్గర కవచాలకు ఉన్నట్టు రేకు తొడుగులు. వాడికి మూడు తాళాలు తిప్పాలి. ఆలోచనకి ఎడమ చంక కింద, మాటకి కుడి చంక కింద, కదలికకి వీపు మధ్యన. ఇప్పుడు మీ బొమ్మ చూస్తే, ఆ గుండ్రటి రాగి మొహానికి మీరు ఒక మీసం పెట్టారు. బామ్ ఆ మీసం రాయలేదు. నెత్తిన చిన్న టోపీలాంటి గుండు, దాని కింద ఆ మీసం. ఆ ఒక్క మీసంతో యంత్రం కాస్తా పాతకాలపు మర్యాదస్థుడైన ఉద్యోగి అయిపోయింది. వాడు అబద్ధం ఆడడనీ, వేళకి వస్తాడనీ, తాళం అయిపోతే చేస్తున్న పని మధ్యలో ఆగిపోయి నొచ్చుకుంటాడనీ చూడగానే తెలుస్తుంది. కథకుడు వదిలిన జాగాలో, అతను అనుకున్న వైపే, ఒక్క గీత ఎక్కువ.

మా ఇళ్ళల్లో దీనికి ఒక పేరుంది, ఊ కొట్టడం. పెద్దవాళ్ళు కథ చెబుతుంటే వినేవాడు మధ్యమధ్యలో 'ఊ' అనాలి. అనకపోతే కథ ఆపేస్తారు, నిద్రపోయాడనుకుంటారు. బాగా ఊ కొట్టడం తెలిసినవాడి ముందు మామూలు కథకుడు కూడా గొప్పవాడైపోతాడు. ఎక్కడ గట్టిగా అనాలి, ఎక్కడ ఊపిరి బిగబట్టి నెమ్మదిగా అనాలి, ఎక్కడ అసలు అనకుండా కళ్ళు పెద్దవి చేసుకుని ఉండిపోవాలి, అన్నీ తెలిసుండాలి. వారపత్రికలో చాలా ఏళ్ళు సబ్ ఎడిటర్‌గా పనిచేసినవాణ్ణి, ఎంతోమంది ఆర్టిస్టుల్ని చూశాను. కొందరు ఫోన్లోనే అడిగేవారు, 'కథ తర్వాత చూస్తాలెండి, ఆడమనిషా మగమనిషా, సింగిల్ కాలమా డబులా చెప్పండి చాలు' అని. కొందరు మాత్రం మేటర్ రెండుసార్లు చదివి, రచయిత ఎక్కడ తగ్గి రాశాడో అక్కడ వేలు పెట్టేవారు. ఆ రెండో రకంవాళ్ళు బొమ్మ వేసిన కథ అచ్చులో చదువుకుంటే రచయితకే కళ్ళు చెమర్చేవి. మా బాపు గారు ముళ్ళపూడి వారి బుడుగుకి వేసిన బొమ్మలు అలాంటివి. ఏది ముందు పుట్టిందో, మాటో గీతో, ఇప్పటికీ చెప్పలేం. నీల్ గారూ, మీరు ఆ కోవలో పెద్దవారు. 35 ఏళ్ళపాటు ఇద్దరు కథకులకి ఊ కొట్టారు.

మీ కలం బలం ఎంతటిదంటే, కొన్నిచోట్ల కథకుడి మాటనే అది పక్కకి జరిపేసింది. 1904 పుస్తకంలో ఓజ్ రాణి ఓజ్మా జుట్టు ఎర్రబంగారు రంగని బామ్ రాశాడు. తర్వాత్తర్వాత మీరు ఆమెకి నల్లటి జుట్టు పెట్టి, చెవుల పక్కన రెండు పెద్ద గసగసాల పూలు తురిమారు. పిల్లలు మీ మాటే నమ్మారు. నేటికీ ఓజ్మా అంటే ఆ నల్లజుట్టూ ఆ రెండు పూలే. 1910 నాటి 'ఎమరాల్డ్ సిటీ ఆఫ్ ఓజ్'లో మీ రంగుల బొమ్మల మీద లోహంలా మెరిసే ఆకుపచ్చ సిరా వేసి అచ్చొత్తారు. కాగితాన్ని దీపం ముందు కాస్త వంచితే పట్టణం మొత్తం మిలమిలమంటుంది. ఓ పుస్తకం కోసం అచ్చాఫీసు అంత ఖర్చు భరించిందంటే ఆ గీత మీద ఎంత నమ్మకమో చూడండి.

మీ పేజీలో ఖాళీ ఉండదు. మూల మూలకీ ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది. సింహాసనం పక్కన పరదా కుచ్చులు, పరదా వెనక తొంగి చూసే మొహం, మెట్ల మీద పిల్లి, పిల్లి మెడలో రిబ్బను. చూసేవాడు ఆ పేజీ దగ్గర ఎంతసేపైనా ఉండిపోతాడు. బొమ్మ చేసే మేలు అదే. బొమ్మలో ముందు, తర్వాత అనేవి లేవు, అన్నీ ఒకేసారి కళ్ళముందు ఉంటాయి. కన్ను దాని ఇష్టం వచ్చిన దారిలో తిరుగుతుంది. ఎక్కువ పెడితే ఎక్కువ సంతోషం. ఈ గుణాన్ని మీలా పండించినవాళ్ళు అరుదు. ఇది నేను మీకిచ్చే అతి పెద్ద పొగడ్త. మిగతా ఉత్తరమంతా దీన్నుంచే పుడుతుంది.

1939లో థాంప్సన్ గారు ఇక చాలనుకున్నారు. ఆ ఏడాదే సినిమా వచ్చి ఓజ్ పేరు ఊరూరా మోగుతోంది. పండగ నాటికి కొత్త ఓజ్ పుస్తకం బజారులో ఉండాలన్నది రైలీ అండ్ లీ ప్రచురణ సంస్థకి ఏళ్ళ తరబడి అలవాటు. వాళ్ళు మీవైపు చూశారు. 62 ఏళ్ళ వయసులో, ఎన్నడూ ఓజ్ కథ రాయనివారు, సరేనన్నారు. ఆ ధైర్యానికి నా నమస్కారం. ఆ దేశంలో ప్రతి గుమ్మమూ, ప్రతి మనిషి ముక్కూ మీరు గీసినదే. దాని గురించి మీకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? ఆ మాట ఆనాడు అందరూ అనుకుని ఉంటారు. నేనున్నా అదే అనుకునేవాణ్ణి.

ఇప్పుడు మా మనవరాలి సంగతి చెప్పాలి. మా అమ్మాయి న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటుంది. ఆరేసి నెలలు అక్కడికి వెళ్ళి ఉండడం మా ఈడు తెలుగువాళ్ళందరికీ అలవాటైపోయింది కదా. మనవరాలికి ఎనిమిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడ్డం వచ్చీ రానట్టు. లైబ్రరీ నుంచి మీ ఓజ్ పుస్తకాలు తెచ్చి, రాత్రిళ్ళు పక్కన పడుకోబెట్టుకుని, ఇంగ్లీషు పేజీ చూసుకుంటూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఊ కొట్టాలని ముందే నేర్పాను.

మొదట 'ఓజ్మా ఆఫ్ ఓజ్'. అందులో లాంగ్విడేర్ అనే రాకుమారికి 30 తలలు. బీరువాల్లో దాచుకుని, రోజుకొకటి మార్చుకుంటుంది. ఆమెకి డొరొతీ తల నచ్చుతుంది. నాకివ్వు, నీకు వేరేది ఇస్తానంటుంది. అక్కడ నేను ఆపాను. చిన్నది 'ఊ' అనలేదు. దుప్పట్లోంచి చెయ్యి పైకి తీసి మెడ మీద పెట్టుకుంది. కాసేపటికి చిన్న గొంతుతో, 'ఇచ్చేస్తుందా తాతా?' అంది. రేపు చెబుతానన్నాను. మర్నాడు బడి నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే అడిగిన మొదటి మాట అదే. బామ్ ఆ భయాన్ని రెండు మాటల్లో చెప్పి వదిలేశాడు. మీరు దాని పక్కన బొమ్మ వేసి పిల్లని దగ్గరికి లాగారు. ఒకరు చెప్పడం, ఒకరు ఊ కొట్టడం, మధ్యలో మా పిల్ల మెడ మీద చెయ్యి. ఆ పుస్తకం పూర్తయ్యేదాకా మాకు పన్నెండు రాత్రులు పట్టింది.

తర్వాత మీరు రాసిన మొదటి పుస్తకం తెరిచాను, 1940 నాటి 'వండర్ సిటీ ఆఫ్ ఓజ్'. జెన్నీ జంప్ అనే న్యూజెర్సీ అమ్మాయి. ఒక లెప్రకాన్‌ని, అంటే ఐర్లండు కథల్లోని పొట్టి మాయావిని, పట్టుకుని తనని దేవకన్యని చెయ్యమంటుంది. వాడు సగమే చేస్తాడు. సగం దేవకన్య! నీల్ గారూ, ఈ ఆలోచన చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. సగం మనిషి, సగం దేవత అయిన అమ్మాయి రెండు లోకాల్లోనూ పరాయిదై ఎలా బతుకుతుందన్న ప్రశ్న ఒక్కటే ఒక నవలకి సరిపోతుంది. మీరు దాన్ని అలవోకగా మొదట్లోనే ఇచ్చేశారు. అంత దాతృత్వం మీది.

ఆ వెంటనే జెన్నీ గెంతి ఓజ్ రాజధాని మరకత నగరంలో పడుతుంది. దుస్తుల కొట్టు పెడుతుంది. ఆ కొట్టుకి గిర్రున తిరిగే గేటు. అందులోంచి నడిచి వస్తే కొత్త బట్టలతో బయటికొస్తారు. పేరుకు బదులు తొమ్మిది అనే అంకె ఉన్న కుర్రాడు ఆ కొట్లో సాయం చేస్తాడు. ఊళ్ళో ఇళ్ళు ఒకదానితో ఒకటి తగాదా పడి కలబడతాయి. ఓజ్మా మీద జెన్నీ ఎన్నికల్లో నిలబడుతుంది. వీటిలో ఏ ఒక్కటి దొరికినా మరో రచయిత దాన్ని మూడొందల పేజీలు సాకేవాడు. మీరు ఒకదాన్ని చూపించి, మేము చెయ్యి చాపేలోగా పక్కన పెట్టి ఇంకోటి చూపించారు. మీ ఊహకి కరువనేది లేదు. బొమ్మ గీసేటప్పుడు పేజీ నింపినట్టే కథనీ అంచులదాకా నింపారు. పరదా వెనక మొహం, పిల్లి మెడలో రిబ్బను, అన్నీ ఉన్నాయి. మీ కథలో ఏ ప్రాణీ ఎక్కువసేపు బాధపడదు, ఏ ప్రమాదమూ నాలుగు పేజీలు నిలవదు. మీ మనసు అంత మెత్తన. పాఠకుణ్ణి ఒక్క క్షణమైనా ఎదురుచూడనివ్వలేదు మీరు.

మా మనవరాలు బొమ్మలు చూసి పకపకా నవ్వింది. ఇళ్ళు గోడలు చాపి కలబడే చోట పుస్తకం నా చేతిలోంచి లాక్కుని దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. కానీ ఊ కొట్టలేదు. రెండో రాత్రి నేనే గుర్తుచేశాను. 'ఊ' అంది, అన్నది నా కోసమే. మూడో రాత్రి నేను చెబుతూండగానే పేజీలు ముందుకి తిప్పుకుంటూ పోయింది. జెన్నీకి ఏమవుతుందని ఒక్కసారీ అడగలేదు. నాలుగో రాత్రి, 'తాతా, బొమ్మలే చూద్దాం. కథ వద్దు' అంది. ఇంతకంటే గొప్ప కితాబు ఒక చిత్రకారుడికి పిల్లల నోటి నుంచి దొరకదు. ఆ మాట అన్నది మీరే రాసిన కథ పక్కన మీరే వేసిన బొమ్మల్ని చూసి కాబట్టి, అది విని నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఎందుకలా జరిగిందని ఆలోచిస్తే మళ్ళీ టిక్‌టాకే గుర్తొచ్చాడు. మీ కథలో వీపు మీది తాళం ఎప్పుడూ బిగించే ఉంటుంది, పరుగు ఆగదు. కుడి చంక కింది తాళానికీ లోటు లేదు, అందరూ గలగలా మాట్లాడతారు. ఎడమ చంక కింద తాళం తిప్పడానికే ఎవరికీ తీరిక ఉండదు. బామ్ కథల్లో పిల్లలు ఒక మలుపు దగ్గర ఆగి, ఏం చేద్దామని ఆలోచించుకుంటారు. ఆ ఆగిన చోటే మీ బొమ్మ వచ్చి కూర్చునేది. అతను వదిలిన ఖాళీ మీకు ఇల్లు. మీరే కథకుడైనప్పుడు ఆ ఖాళీ వదిలేవారు లేరు. మీకోసం మీరు ఖాళీ వదులుకోవాలని మీకు ఎవరూ చెప్పలేదు. ఊ కొట్టేవాడే కథ చెబుతుంటే, ఊ ఎవరు కొట్టాలి?

ఎన్నికల సంగతిలో మాత్రం తప్పు మీమీద వెయ్యను. ఓజ్మా ఆ దేశానికి వంశపారంపర్యంగా రాణి. ఆమెని ఎన్నికకి నిలబెట్టడం బామ్ కట్టిన ఇంటి దూలాన్ని లాగడమే. మీ రాతప్రతిలో ఆ ముక్క లేదనీ, ప్రచురణ సంస్థలో ఎవరో మీ ప్రతిని చాలా మార్చి దాన్ని జొప్పించారనీ ఓజ్ చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. 35 ఏళ్ళు వాళ్ళ పుస్తకాలు నిలబెట్టిన మనిషి మొదటిసారి మాటల్లో ఏదో చెప్పబోతే, వినాల్సినవాళ్ళు కలం తీసుకుని మధ్యలో దూరారు. మంచి ఎడిటర్ అయితే కూర్చోబెట్టి, 'నీల్ గారూ, సగం దేవకన్య దగ్గర ఆగండి, మిగతావన్నీ వచ్చే ఏడాదికి దాచుకోండి' అనేవాడు. వాళ్ళు మీకు తీసెయ్యడం నేర్పలేదు, పైగా ఇంకొంత చేర్చారు. అంతేకాదు, అప్పటికి కొన్నేళ్ళ కిందటే ఓజ్ పుస్తకాల్లో రంగుల బొమ్మలు ఆపేశారు. మీరు మీ సొంత కథకి వేసుకున్న బొమ్మలన్నీ నలుపు తెలుపులే. మెరిసే ఆకుపచ్చ సిరా ఇంకొకరి కథకి దక్కింది, మీ కథకి దక్కలేదు. ఇది తలుచుకుంటే మీమీద కోపం పోయి వాళ్ళమీదికి మళ్ళుతుంది.

అయినా మీతో నా పేచీ తీరలేదు. ఒకరు మొదలుపెట్టినదాన్ని మరొకరు అందుకోవడం మా భాషకి కొత్త కాదు. మా మహాభారతం అలాగే పూర్తయింది. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన ఆ పర్వాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మధ్యలో మిగిలిన ముక్కని దాదాపు మూడు శతాబ్దాల తర్వాత ఎఱ్ఱన పూరించాడు. ఎంత వినయంగా పూరించాడంటే, తన పేరు వెనక్కి నెట్టి, నన్నయ చేత రాయించిన రాజరాజనరేంద్రుడికే దాన్ని అంకితం చేశాడు. ఆ భాగం నన్నయ గొంతులో మొదలై, తెలియకుండా తిక్కన గొంతులోకి దిగుతుందని మా పండితులు మురిసిపోతారు. అతుకు కనపడదు. ఎఱ్ఱనకి సొంత గొంతు లేక కాదు. ఆ గొంతు వినిపించాలనుకున్నప్పుడు నృసింహపురాణం వేరే రాసుకున్నాడు. ఎదుటివాడి ఇంట్లో ఎంతవరకు మాట్లాడాలో ఆయనకి తెలుసు.

చిత్రమేమంటే, నీల్ గారూ, ఆ విద్య మీకూ వచ్చు. గీతలో మీరు ఎఱ్ఱనలాంటివారే. డెన్‌స్లో గీసిన దిష్టిబొమ్మనీ రేకు మనిషినీ అందుకుని, పోలిక చెడకుండా, మెల్లమెల్లగా మీవాళ్ళని చేసుకున్నారు. పిల్లలు ఎక్కడా ఉలిక్కిపడలేదు. బొద్దుగా రెండు జడల డొరొతీ పోయి, కత్తిరించిన జుట్టుతో కొత్త డొరొతీ వచ్చినా ఆమెనే డొరొతీ అనుకున్నారు. గీతకి తెలిసిన ఆ అణకువ మాటకి తెలియకపోవడమే నాకు కొరుకుడు పడదు. బామ్ దేశంలో వింతలు కొన్నిటికే ప్రాణం ఉంటుంది. అందుకే గుమ్మడికాయ తల జాక్ మాట్లాడితే అబ్బురం. మీ దేశంలో బూట్లు, ఇళ్ళు, చేతికందినదల్లా మాట్లాడతాయి. అన్నిటికీ ప్రాణం పోసిన చెయ్యి మీది. మరి అన్నీ మాట్లాడే చోట జాక్ మాట్లాడితే చెవి ఒగ్గేది ఎవరు?

ఒక్క విషయంలో మీకు సాటి లేరు. డెన్‌స్లో కూడా ఓజ్ మనుషుల్ని తీసుకుని సొంతంగా దిష్టిబొమ్మ, రేకు మనిషి కథలు రాసి బొమ్మలు వేశాడు. పుస్తకం హక్కుల్లో ఆయనకి సగం ఉంది, రాబడి బాగా వచ్చింది. ఆ డబ్బుతో బెర్ముడాలో ఒక దీవి కొని తనని తాను రాజుగా ప్రకటించుకున్నాడు. మీరు దీవి కొనలేదు, కిరీటం పెట్టుకోలేదు. న్యూజెర్సీలో ఫ్లాండర్స్ అనే పల్లె దగ్గర ఉండిపోయారు. మీకు ఓజ్‌లో ఏదీ సొంతం అక్కర్లేదు, అక్కడ తిరగడమే కావాలి. ఆ నిస్వార్థం మీ ప్రతి పేజీలో కనిపిస్తుంది. రాజ్యం కావాలనుకున్నవాడైతే కంచె వేసేవాడు, కొన్ని బయట పెట్టేవాడు. మీరు దేన్నీ బయట పెట్టలేకపోయారు.

1941లో వచ్చిన 'స్కాలవాగన్స్'లో తమంతట తాము ఆలోచించి ఎగిరే కార్లున్నాయి. బొమ్మలు చూడముచ్చటగా ఉన్నాయి. కథ గురించి అంతకంటే చెప్పడానికి లేదు. 1942లో 'లక్కీ బక్కీ' వచ్చింది. న్యూయార్క్ రేవులో టగ్ బోటు బాయిలరు పేలి, ఒక కుర్రాడు ఎగిరి ఓజ్ పక్క సముద్రంలో పడతాడు. కర్ర తిమింగలం ఒకటి వాడికి దోస్తీ అవుతుంది. ఇద్దరూ మరకత నగరానికి బయల్దేరతారు. ఈ పుస్తకం దగ్గర మా మనవరాలు మళ్ళీ రెండు మూడుసార్లు ఊ కొట్టింది. ఒక కుర్రాడు, ఒక తిమింగలం, ఒక దారి. వాళ్ళిద్దరూ నీళ్ళ మీద ఉన్నంతసేపు కథ నెమ్మదించింది. మీరు నేర్చుకుంటున్నారు. 64 ఏళ్ళు నిండాక, మూడో పుస్తకంలో, ఖాళీ వదలడం నేర్చుకుంటున్నారు. అది గమనించాక నా ఫిర్యాదు సగానికి సగం చల్లారింది.

పోయిన అక్టోబరులో మా అల్లుడు మమ్మల్ని కారులో జెన్నీ జంప్ కొండకి తీసుకెళ్ళాడు. వారెన్ కౌంటీలో నిజంగానే ఆ పేరుతో ఒక కొండవరస ఉంది, చుట్టూ అడవి. జెన్నీ అనే చిన్నపిల్లని ప్రమాదం ముంచుకొస్తే తండ్రి దూకమన్నాడనీ, ఆ పిల్ల దూకిందనీ అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. మీరు ఆ పేరు తీసుకుని మీ జెన్నీకి పెట్టారు. ఆకులు ఎర్రగా పండి ఉన్నాయి. మనవరాలు ఒక బండ అంచున నిలబడి కిందికి చూసి, 'దూకాక ఏమైంది?' అని అడిగింది. ఆ కథ అక్కడితో ఆగిపోతుంది, తర్వాత ఏమైందో చెప్పేవాళ్ళు లేరు. దారి పొడుగునా ఆ పిల్ల అదే అడిగింది. మీ జెన్నీ గురించి ఒక్కసారీ అడగని పిల్ల, మూడు ముక్కల్లో ఉన్న ఆ కొండ జెన్నీ గురించి ఇంటికి చేరేదాకా అడుగుతూనే ఉంది.

1943 సెప్టెంబరులో మీరు వెళ్ళిపోయారు. నాలుగో పుస్తకం 'రన్అవే ఇన్ ఓజ్' అప్పటికి రాయడం అయింది. బొమ్మలు ఒక్కటీ వెయ్యలేదు. యుద్ధం రోజులు, కాగితం కరువు, ప్రచురణ సంస్థ దాన్ని పక్కన పెట్టేసింది. గుడ్డ పేలికలతో కుట్టిన అల్లరి పిల్ల స్క్రాప్స్, తన గోల ఎవరికీ పట్టడం లేదని అలిగి మరకత నగరం విడిచి వెళ్ళిపోయే కథ అది. ఎప్పుడూ ఎగురుతూ, పాడుతూ, ఒక్క క్షణం కుదురుగా ఉండని పిల్ల. మీరు గీసినవాళ్ళందరిలో మీ కలానికి అంతగా తగిన మనిషి ఇంకొకరు లేరు. ఎక్కువగా మాట్లాడడమే తన తప్పైపోయిన ఆ పిల్ల గురించి మీరు చివరగా రాశారు.

52 ఏళ్ళ తర్వాత, 1995లో, ఎరిక్ షానోవర్ అనే ఓజ్ చిత్రకారుడు ఆ రాతప్రతిని తీసుకున్నాడు. వాక్యాలు సరిచేశాడు, బొమ్మలు వేశాడు. చిన్నప్పటి నుంచి మీ గీతని చూస్తూ పెరిగిన చెయ్యి అది. మీ పోకడని గౌరవిస్తూనే తనదిగా వేశాడు. మా లైబ్రరీలో ఆ పుస్తకం లేదు, వేరే కౌంటీ నుంచి తెప్పించారు. నిన్న రాత్రి మొదలుపెట్టాం. స్క్రాప్స్ మూట సర్దుకుని బయల్దేరే చోట నేను నీళ్ళు తాగడానికి ఆగాను. మనవరాలు పుస్తకం మీద పడి బొమ్మ చూస్తోంది. తల ఎత్తకుండానే, 'ఊ' అంది.